గుమ్మం ఎక్కడ పెట్టమంటారు? మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

ఇది ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ కార్యాలయానికే పంపాను. రెండింటికి రసీదు వచ్చింది, ఒకదాని మీద నంబరు కూడా వేశారు. అందుకే ఈసారి నలుగురూ చదివే చోట రాస్తున్నాను. చెన్నైలో ఒక తెలుగు కవి అద్దెకున్న ఇంటి గోడకు ఆయన పేరుతో ఒక పలక పెట్టించమన్నదే నా అర్జీ. మిగతా సంగతి మీకు తెలిసిందే కాబట్టి మొదటి నుంచి చెప్పను.

రాజమండ్రి నుంచి చుట్టాలు చెన్నై వస్తే, మెరీనా, టి. నగర్ బట్టల కొట్లు అయ్యాక, "మన కవులంతా ఇక్కడే ఉండేవారట కదా, ఒక ఇల్లయినా చూపించు" అంటారు. నేను వాళ్లను ట్రిప్లికేన్ తీసుకువెళతాను. పార్థసారథి గుడి పక్కన, తులసింగ పెరుమాళ్ కోయిల్ వీధిలో సుబ్రహ్మణ్య భారతి ఇల్లుంది. గుడి ఏనుగు ఆయనను తోసేసిన కథ, 1921లో ముప్పై తొమ్మిదైనా నిండకుండా కన్నుమూసిన కథ చెబుతాను. గోడల మీది ఫొటోలు చూపిస్తాను. మన భాషను 'సుందర తెలుగు' అన్నది ఈయనే అని కొంచెం గర్వంగా చెబుతాను. చుట్టాలు అంతా విని, చెప్పులు వేసుకుంటూ "బాగుంది. మరి మనవాళ్లది?" అంటారు. కాఫీ తాగుదాం పదండి అంటాను. పదకొండేళ్లుగా ఇదే వరస.

శ్రీశ్రీ 1983లో వెళ్లిపోయింది ఈ ఊళ్లోనే. కృష్ణశాస్త్రి, కొడవటిగంటి కుటుంబరావు, ఆరుద్ర, ఎవరిని తీసుకున్నా చివరి మజిలీ మద్రాసే. మల్లాది రామకృష్ణశాస్త్రి గారు పానగల్ పార్కులో సాయంత్రాలు సభ తీర్చేవారు. పార్కు ఇంకా ఉంది కాబట్టి అక్కడికి తీసుకెళ్లి ఏదో ఒక చెట్టు చూపిస్తున్నాను. ఏ చెట్టో నాకూ తెలియదు.

నేనడిగింది ఒక్క ఇంటి గురించి. కవి పేరు, వీధి పేరు అర్జీలో ఉన్నాయి, ఇక్కడ రాయను. ప్రభుత్వం ఇల్లు లాక్కుంటుందేమోనని యజమాని ఇప్పటికే బెదిరిపోయి ఉన్నారు. నేనేమీ మ్యూజియం అడగలేదు. వీధి వైపు గోడకు రెండడుగుల రాతి పలక, దాని మీద తెలుగులోనూ తమిళంలోనూ ఆయన పేరు, ఉన్న సంవత్సరాలు. అంతే. (మ్యూజియమే కడతామంటే కాదంటానా?)

ఆయన అక్కడ ఉన్నట్టు రుజువు కావాలన్నారు. ఆ చిరునామాకు వచ్చిన కార్డుల నకళ్లు, తపాలా ముద్రతో సహా ఇచ్చాను. చాలవు, ఇంటి పన్ను రసీదు కావాలన్నారు. అయ్యా, ఆయన అద్దెకున్నారు. అద్దె కూడా రెండు నెలలకోసారి ఇచ్చేవారని యజమాని తల్లి చెప్పేది. అలాంటి మనిషి పేరున పన్ను రసీదు నేనెక్కడ తేను? భారతి కూడా అద్దెకున్నవారే. తమిళనాడు ప్రభుత్వం 1993లో ఆ ఇంటిని స్మారకం చేసింది. ఆయన పన్ను రసీదు ఏ అద్దాల బీరువాలోనూ నాకు కనబడలేదు.

తర్వాత, ఇల్లు చెన్నైలో ఉంది కాబట్టి తమిళనాడు ప్రభుత్వాన్నే అడగమన్నారు మీవాళ్లు. ఇక్కడివాళ్లను అడిగితే, కవి తెలుగువారు కదా, మీవాళ్లనే అడగమన్నారు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952లో ప్రాణం విడిచిన చోట స్మారక భవనం ఉంది. అదీ చెన్నైలోనే ఉంది మరి.

ఒకసారి మాత్రం మీ మనిషి ఒకరు వచ్చారు. టేపుతో గోడ కొలిచి, అరుగు కొలిచి, చీటీ మీద రాసుకున్నారు. యజమాని తల్లి ఆయనను లోపలికి పిలిచి, వీధి గదిలో కిటికీ పక్కన ఒక మేకు చూపించింది. కవిగారు బయటి నుంచి రాగానే లాల్చీ విప్పి దానికే తగిలించేవారట. నాలుగు సార్లు సున్నం వేయించినా ఆ మేకు తీయనివ్వలేదామె. మీ మనిషి మేకును కూడా కొలిచారు. నాకు ఆశ పుట్టింది ఆ రోజే. ఆ చీటీ ఇప్పుడెక్కడుందో కనుక్కోమని వేడుకుంటున్నాను.

ఆవిడ పోయిన సంక్రాంతికి కాలం చేసింది. కొడుకు బిల్డరుతో ఒప్పందం రాసుకున్నాడు. అతన్ని తప్పుపట్టను. ఇద్దరు ఆడపిల్లలున్నారు, పైకప్పు మూడేళ్లుగా కారుతోంది. పడగొట్టే ముందు పలక పెడితే, కొత్త గోడ మీదికి మార్చేలా బిల్డరును ఒప్పిస్తానని కూడా అన్నాడు. గడువు వచ్చే నెలాఖరు వరకు.

ఏమీ కాకపోతే వీధి గుమ్మం, ఆ మేకు నాకిచ్చేస్తానన్నాడు. మేకు నా జేబులో పడుతుంది. గుమ్మం ఏడడుగుల టేకుది. నేనుండేది మూడో అంతస్తులో, రెండు గదుల అద్దె ఇంట్లో. దాన్ని ఎక్కడ పెట్టమంటారో, కనీసం ఆ ఒక్క ముక్కకైనా జవాబు రాయండి.

ఇట్లు,
పాత అర్జీదారు,
చెన్నై