విజయవాడలో బుడమేరు వాగు ముంపుకి గురైన మన ఇంటితోటల బృందం సభ్యులకు

అందరికీ నమస్కారం. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు 2024 సెప్టెంబర్ 1న వచ్చిన వరద ఇప్పటికి తీసింది. ముందు ఇల్లు, ఒళ్ళు చూసుకోండి. తోట సంగతి అందరం కలిసి చూసుకుందాం.

నిన్న ఒక అక్కయ్య ఇంటికి వెళ్ళాం. పదేళ్ళ మల్లెపొద, ఆకు ఆకుకీ బురద. చచ్చిపోయిందనుకుని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కొమ్మని గోటితో గీరి చూస్తే లోపల పచ్చగానే ఉంది! అందుకే తొందరపడి ఏదీ పీకెయ్యకండి. కుండీలు పక్కకి వంచి నీళ్ళు కారనివ్వండి, పైన పేరుకున్న ఒండ్రు తీసెయ్యండి. మట్టి ఆరాక ట్రైకోడెర్మా (వేరుకుళ్ళుని అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం పొడి) కలిపిన పశువుల ఎరువు గుప్పెడు వెయ్యండి. తడి మీద యూరియా వద్దు. మురుగునీట్లో మునిగిన ఆకుకూరలు ఎంత కడిగినా వండుకోవద్దు, పిల్లలున్న ఇళ్ళు మరీ జాగ్రత్త.

మిద్దెతోటలు మునగని వాళ్ళం తోటకూర, గోంగూర, బెండ విత్తనాలు పొట్లాలు కడుతున్నాం. తోటకూరైతే నెల తిరక్కుండానే కూరకొస్తుంది. ఆదివారం పొద్దున్నే పారలతో వస్తాం. ఎవరింటికి రావాలో, ఏ మొక్క పోయిందో ఇక్కడ రాయండి. మొహమాటపడొద్దు.