మా పోర్షే కేమన్ కారు బ్యాటరీ విషయంలో ఆదుకున్న బాబాయిగారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఈ జనవరిలో నా కారు గ్యారేజీలో కదలకుండా పడిపోయినప్పుడు సాయం చేసినవాళ్ళకి అందరి ముందూ థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు పెడుతున్నాను. ముఖ్యంగా మిషిగన్‌లోని కాంటన్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్న బాబాయిగారికి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కార్ల ఎలక్ట్రికల్ పనిలోనే జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి ఎవరో తెలిసిపోతుంది.

కారు 2008 పోర్షే కేమన్. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బయటికి తీయను. ఒకరోజు రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. మామూలు కారైతే బానెట్ ఎత్తి, పక్క కారు నుంచి కేబుల్స్ వేస్తే పనైపోయేది. కేమన్‌లో ఇంజన్ సీట్ల వెనకాల ఉంటుంది, బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ తెరిచే మీట కరెంటుతో పనిచేస్తుంది. అంటే బ్యాటరీ దగ్గరికి చేరాలంటే డిక్కీ తెరవాలి, డిక్కీ తెరవాలంటే బ్యాటరీ ఉండాలి. రోడ్‌సైడ్ సర్వీసు నుంచి వచ్చిన కుర్రాడు కాసేపు చూసి, ఫ్లాట్‌బెడ్ (కార్లు మోసుకెళ్ళే ట్రక్కు) మీద ఎక్కించి తీసుకెళ్ళడం తప్ప దారి లేదని చెప్పి వెళ్ళిపోయాడు. గ్యారేజీలో ముక్కు లోపలికి పెట్టి ఉన్న కారుని, బయట మంచులోకి లాగి ఎలా ఎక్కిస్తారో ఆలోచిస్తేనే టెన్షన్ వచ్చింది.

మా ఆవిడ వాళ్ళ స్నేహితురాలి ద్వారా విషయం బాబాయిగారి దాకా వెళ్ళింది. ఆ సాయంత్రమే అల్లుడిగారి చేత డ్రైవ్ చేయించుకుని, చేతిలో చిన్న పెట్టెతో వచ్చేశారు. బయట గడ్డకట్టే చలి. కాఫీ తాగండి అన్నా ముందు కారు చూద్దాం పద అన్నారు.

రిమోట్‌కి ఉన్న మామూలు తాళంచెవితో డ్రైవర్ తలుపు తీశాం. తీయగానే ఆయన చెప్పిన మొదటి మాట, తలుపు మళ్ళీ వేయకు అని. ఈ కారు తలుపుల్లో అద్దానికి ఫ్రేము ఉండదు. తలుపు తీసేటప్పుడు అద్దం కొంచెం కిందికి దిగి, వేశాక పైకెక్కి రబ్బరులో కూర్చుంటుంది. కరెంటు లేనప్పుడు అది దిగదు. గట్టిగా వేస్తే అద్దానికీ రబ్బరుకీ కూడా దెబ్బే.

తర్వాత డ్రైవర్ కాళ్ళ దగ్గరున్న ఫ్యూజ్ బాక్స్ మూత తీసి, టార్చి వేసి, లోపల ఒక ఎర్రటి ముక్క చూపించారు. దాన్ని పట్టుకుని లాగితే బయటికి వచ్చింది. పోర్షే వాళ్ళు సరిగ్గా ఇలాంటి రోజు కోసమే పెట్టిన పాజిటివ్ టెర్మినల్ అది. బయటి బ్యాటరీ ప్లస్ వైరు దానికి, మైనస్ వైరు తలుపు తాళం పట్టుకునే ఇనుప కొక్కేనికి తగిలించాలి. బయటి బ్యాటరీ మా పక్కింటాయన తన పికప్ ట్రక్కులోంచి విప్పి ఇచ్చాడు, ఆయనకీ చాలా చాలా థాంక్స్. మైనస్ తగిలించగానే హారన్ మోత మొదలైంది. బాబాయిగారు ఏమాత్రం కంగారు పడకుండా రిమోట్ నొక్కు అన్నారు, మోత ఆగింది. సీటు పక్కనున్న మీట లాగితే టక్కుమని డిక్కీ తెరుచుకుంది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఒక్క విషయం ఆయన రెండుసార్లు చెప్పారు: ఆ ఎర్ర టెర్మినల్ డిక్కీ తెరవడానికి మాత్రమే, దాంతో ఇంజన్ స్టార్ట్ చేయబోవద్దు.

బ్యాటరీకి మీటరు పెడితే నాలుగు వోల్టులకి కాస్త పైన. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపించాలి, 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ అని లెక్క. చార్జర్ పెట్టే ముందు ఆయన బ్యాటరీ పక్కలు చేత్తో తడిమి, ఎక్కడైనా ఉబ్బిందేమో చూశారు. నిండుగా ఉన్న బ్యాటరీ మిషిగన్ చలికి గడ్డకట్టదు గానీ, ఖాళీ అయినదానిలో యాసిడ్ పలచబడి నీళ్ళలా అయిపోతుంది కాబట్టి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టినదాన్ని చార్జ్ చేయడం ప్రమాదం. అదృష్టం, మాది బాగానే ఉంది.

స్మార్ట్ చార్జర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. వోల్టేజీ మరీ పడిపోతే ఇలాంటి చార్జర్లు అసలు అక్కడ బ్యాటరీ ఉందనే గుర్తించవట. పక్కింటాయన బ్యాటరీని కాసేపు జంటగా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపి, చార్జర్ మొదలయ్యాక తీసేశారు. గ్యారేజీ తలుపు కొంచెం ఎత్తి ఉంచమన్నారు, చార్జింగులో హైడ్రోజన్ అనే మండే గ్యాస్ వస్తుంది కాబట్టి. రాత్రంతా చార్జింగులో ఉంచి వెళ్ళారు.

ఇక్కడితో ఆగిపోయినా ఆయనకి జన్మంతా రుణపడి ఉండేవాణ్ణి. కానీ మర్నాడు మళ్ళీ వచ్చారు. బ్యాటరీ దిగిపోవడం రోగం కాదు, లక్షణం, రోగం ఎక్కడుందో చూడాలి అన్నారు. తెరిచిన డిక్కీ తాళంలోకి స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కి, తాళం పడినట్టు కారుని నమ్మించారు. తలుపు తాళానికీ అంతే. (పని అయ్యాక మీట లాగి దాన్ని వదిలించాకే మూత వేయాలి, లేకపోతే తాళం విరుగుతుంది.) లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా కారుని ముట్టుకోకుండా కూర్చున్నాం. అప్పుడు మైనస్ కేబుల్ చుట్టూ క్లాంప్ మీటర్ (వైరు విప్పకుండా కరెంటు కొలిచేది) వేస్తే, ఆపి ఉన్న కారు 0.3 ఆంపియర్ లాగుతున్నట్టు చూపించింది. ఉండాల్సింది 0.05 లోపు.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకితే నిద్రపోయిన కంప్యూటర్లు మళ్ళీ లేచి లెక్క తప్పుతుందని, పీకకుండానే ప్రతి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద మీటరు ముళ్ళు ఆనించి మిల్లీవోల్టులు చూసుకుంటూ వెళ్ళారు. కరెంటు పారుతున్న ఫ్యూజు దగ్గరే అంకె కనిపిస్తుంది. అన్నీ సున్నా. ఒకదాని దగ్గర అంకె కదిలింది. అది డాష్‌క్యామ్ (ముందు రోడ్డుని రికార్డు చేసే కెమెరా) వైరు. వేసవిలో ఒక షాపులో బిగించినప్పుడు, కారు ఆపినా కరెంటు ఉండే ఫ్యూజుకి కలిపేశారు, వోల్టేజీ తగ్గితే ఆపేసే రక్షణ కూడా పెట్టలేదు. ఆ వైరు తీయగానే మీటరు 0.03కి దిగింది. కాగితం మీద లెక్క వేసి చూపించారు: 0.3 ఆంపియర్ అంటే రోజుకి 7 ఆంపియర్-అవర్స్ (ఆంపియర్లు ఇంటూ గంటలు) పైనే, 80 ఆంపియర్-అవర్స్ బ్యాటరీ పదకొండు రోజుల్లో ఖాళీ. 0.03 అయితే అదే బ్యాటరీ మూడు నెలలు దాటుతుంది. అప్పటికీ సగం కంటే కిందికి దిగనివ్వకూడదు, దిగితే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని మళ్ళీ పూర్తిగా చార్జ్ పట్టదు అన్నారు.

మా బ్యాటరీకి జరిగింది అదే. చార్జర్ తీసి కొన్ని గంటలు వదిలేస్తే 12.3 దగ్గర ఆగిపోయింది. విడిభాగాల షాపులో ఉచితంగా లోడ్ టెస్ట్ (బరువు పెట్టినప్పుడు బ్యాటరీ తట్టుకుంటుందా అనే పరీక్ష) చేస్తారు, అక్కడా ఫెయిలైంది. కొత్త ఏజీఎమ్ బ్యాటరీ (యాసిడ్‌ని గాజు నార పొరల్లో పట్టి ఉంచే రకం) కొన్నాం, పాతది ఇచ్చేస్తే కోర్ డిపాజిట్ (పాత బ్యాటరీ ఇచ్చేదాకా షాపువాళ్ళు పట్టి ఉంచే డబ్బు) తిరిగి వచ్చింది. కొత్తది పెట్టేటప్పుడు గ్యాస్ బయటికి పోయే సన్నటి గొట్టాన్ని తిరిగి తగిలించడం ఆయన మర్చిపోలేదు. ఇప్పుడు చలికాలమంతా మెయింటెయినర్ చార్జర్ ఏజీఎమ్ సెట్టింగులో తగిలించే ఉంటుంది. నిండాక దానంతట అదే 13.5 వోల్టుల దగ్గరికి తగ్గి నిలబడుతుంది. వారానికోసారి ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు తిప్పితే చాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఐదు నిమిషాల్లో బ్యాటరీ నిండదని, పైగా సైలెన్సర్‌లో నీరు చేరుతుందని బాబాయిగారి మాట.

తేలికగా ఉంటుంది కదా, లిథియం పెడితే ఎలా ఉంటుందని అడిగాను. 2010లో పోర్షేనే తన 911 జీటీ3 అనే స్పోర్ట్స్ కారుకి ఆరు కిలోల లోపు బరువుండే లిథియం బ్యాటరీ అమ్మిందనీ, చలికి పనికిరాదని దాంతో పాటు మామూలు బ్యాటరీ కూడా ఇచ్చిందనీ చెప్పారు. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. రెండు రోజులూ ఫ్లాస్కులో కాఫీ పంపి, ఆయన్ని గంటల తరబడి మా గ్యారేజీకి వదిలేసిన పిన్నిగారికి నా నమస్కారాలు. బాబాయిగారూ, మీరు చేసింది మేం ఎప్పటికీ మర్చిపోం.

చార్జరు, మీటరు, ఫ్యూజులు తీసే పట్టకారు ఇప్పుడు నా దగ్గరున్నాయి. నోవై, కాంటన్ వైపు ఎవరి కారైనా ఇలా ఆగిపోతే మెసేజ్ పెట్టండి, తీసుకుని వస్తాను.