బెల్టు ఫొటో అందింది, చిన్నా

చిన్నా,

బెల్టు ఫొటో అందింది. 18 రోజుల తర్వాత నీ దగ్గర నుంచి వచ్చిన కబురు అదొక్కటే. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. అయినా సంతోషించాను. ఫొటోను పెద్దది చేసి, కిటికీ దగ్గర నిలబడి చూశాను. కుట్టు తిన్నగా వచ్చింది. బకిల్ దగ్గర మడత పడే చోట లోపలివైపు బాగా పలచన చేశావు, ఉబ్బెత్తుగా లేదు. రంగు మాత్రం మధ్యలో చారలు కట్టింది. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను, ఇంకేమీ కాదు.

అక్క ఏదో అంది. వీడియోలో మాట్లాడేటప్పుడు నీ ఎడమ బొటనవేలికి కట్టు కనిపించిందట. అడగబోయేసరికి చెయ్యి బల్ల కిందికి వెళ్ళిపోయిందట. అక్క కళ్ళజోడు పెట్టుకోకుండా చూసి ఉంటుందని నాన్న అంటున్నారు. నేనేమీ అనడం లేదు. ముందు రంగు సంగతి చూద్దాం.

నువ్వు వాడింది స్పిరిట్ రంగే అయి ఉండాలి. అది తోలులోకి ఎంత వేగంగా దిగుతుందో అంత వేగంగానూ ఆరిపోతుంది. ఒక చోట రాసి, ఉన్ని కుచ్చును మళ్ళీ ముంచుకుని వచ్చేసరికి అంచు ఆరిపోయి ఉంటుంది. దాని మీద రెండోసారి రంగు పడగానే ముదురు గీత తేలుతుంది. నీ చారలు అవే. ఈసారి రంగును స్పిరిట్‌తో సగానికి సగం పలచన చెయ్యి. తోలును తడి స్పాంజితో ఒకసారి తుడిచి, ఆ తడి లోపలికి ఇంకాక మొదలుపెట్టు. బారుగా గీయకు, సున్నాలు చుడుతున్నట్టు రాసుకుంటూ పో. మూడు పలచటి పూతలు వెయ్యి, ఒక్క పూతలోనే ముదురు రంగు రావాలని పట్టు పట్టకు. పలచగా వేసుకుంటూ వచ్చిన తోలు మెత్తగా వంగుతుంది, ఒకేసారి చిక్కగా దట్టించినది అట్టలా బిగుసుకుంటుంది. స్పిరిట్ తోలులోని జిడ్డును లాగేస్తుంది మరి. అందుకే రంగు పూర్తిగా ఆరాక నీట్స్‌ఫుట్ నూనె, అదే పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె, పలచగా పట్టించి ఒక రాత్రి వదిలెయ్యి. ఎక్కువైతే తోలు బరువెక్కి వదులైపోతుంది, చెంచాడు మించనివ్వకు.

తుక్కు ముక్క మీద ముందు చూసుకున్నావా? ఏదో ఒక తుక్కు కాదు, అదే చర్మంలో మిగిలిన ముక్క కావాలి. వీపు భాగం బిగువుగా ఉంటుంది. పొట్ట భాగం వదులుగా ఉండి, సాగి, రంగును మరీ ఎక్కువ తాగుతుంది. పైగా తడి మీద కనిపించే రంగు ఒకటి, ఆరాక కనిపించేది ఒకటి, పైపూత పడ్డాక కనిపించేది ఇంకొకటి. మూడూ చూశాకే అసలు వస్తువు మీద చెయ్యి వెయ్యాలి. ముక్క వెనక ఏ రంగు, ఎన్ని పాళ్ళు, ఎన్ని పూతలు అన్నది రాసిపెట్టుకో. నా దగ్గర అలాంటి ముక్కలు రెండు డబ్బాల నిండా ఉన్నాయి, నువ్వొచ్చినప్పుడు తీసుకుపో.

తొడుగులు లేకుండా రంగు ముట్టుకోవడం లేదు కదా? కట్టు కట్టిన వేలి మీదికి మామూలు తొడుగు ఎక్కదు, ఆ సంగతి నాకు తెలుసు. ఎక్కడం లేదని వట్టి చేత్తో రంగు వేస్తే, ఆ కట్టు గుడ్డే రంగునూ స్పిరిట్‌నూ పీల్చుకుని గాయం మీద కూర్చుంటుంది. గాయం ఉందని నేను అనడం లేదు. ఉంటే మాట. గది కిటికీలు రెండూ తెరిచి పెట్టుకో. దగ్గర్లో దీపం గానీ మంట గానీ ఉండకూడదు. తల నొప్పి అనిపించిన క్షణాన సీసా మూత పెట్టి బయటికి రావాలి.

పోయినసారి నువ్వు అడిగినదానికి జవాబు రాయడం మరిచాను. ఇనుము నానబెట్టిన వినెగర్ రాస్తే ఒక ముక్క బొగ్గులా నల్లబడిందనీ, ఆ మెత్తటి ముక్కకు ఏమీ కాలేదనీ అన్నావు. మెత్తటిది క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలులో టానిన్ అనే బెరడు వగరు ఉంటుంది, ఇనుము దానితో కలిసి నల్లబడుతుంది. క్రోమ్ తోలులో టానిన్ లేదు కాబట్టి ఎన్నిసార్లు రాసినా నీ శ్రమే మిగులుతుంది. నాకు ఆ నలుపంటే ప్రాణం. పైన అంటుకున్న రంగు కాదది, తోలులోనే పుట్టిన రంగు, అందుకే బట్టలకు అంటదు. ఇనుప పీచును నానబెట్టే ముందు దాని నూనె పోయేలా కడగాలి. సీసా మూత మాత్రం బిగించకు, వారం రెండు వారాల పాటు లోపల వాయువు పుడుతూనే ఉంటుంది. నల్లబడ్డాక వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి, మంచినీళ్ళతో కడిగి, ఆరీ ఆరకముందే నూనె పట్టించు. తడి తోలు మీద కత్తెర మరిచిపోతే నల్ల మచ్చ పడేది కూడా ఇందుకే. నీ మొదటి పర్సు మీద పడిన మచ్చ గుర్తుందా, దెయ్యం మచ్చ అన్నావు.

ఇక కత్తి. కత్తి గురించి నీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. అయినా చెబుతాను. మొద్దు కత్తి పదును కత్తి కంటే ప్రమాదం. పదునున్నది తోలులోకి తనంతట దిగుతుంది, మొద్దుదాన్ని మనం బలంగా నొక్కాలి, నొక్కిన బలమే చేతి మీదికి వస్తుంది. పొడవు కోత మొదలుపెట్టే ముందు ప్రతిసారీ కత్తిని పదును పెట్టే తోలు పట్టీ మీద పదిసార్లు వెనక్కి లాగు. బెల్టు తోలు 3.5 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని ఒక్క ఊపులో తెంపాలని ఎవరు చెప్పారు? మూడు సార్లుగా కొయ్యి. మొదటిసారి గీత మాత్రం పడాలి. స్కేలు పట్టుకున్న చేతి వేళ్ళు అంచు నుంచి వెనక్కి ఉండాలి. నీకు బొటనవేలు అంచు దాటి బయటికి వస్తుంది. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో నువ్వు గీసిన ప్రతి గీతకూ మధ్యలో ఒక చిన్న వంపు ఉండేది, పెన్సిలు నీ బొటనవేలిని చుట్టివచ్చిన చోట. టీచరు దిద్దినా మానలేదు. అక్క కట్టు మాట చెప్పగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ వంపే.

పెద్దత్తయ్యకు నేను చేసిన నీలం సంచి సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు ఏడో తరగతి. అత్తయ్య ఉద్యోగంలో చివరి రోజున ఇవ్వాలని రెండు నెలలు ముందే తోలు తెచ్చుకున్నాను, తీరా మూడు రోజుల ముందు మొదలుపెట్టాను. మీరంతా పడుకున్నాక మేడమీది గదిలో కోత పెట్టుకున్నాను. కత్తి మొద్దుబారిందని రెండో కోతకే తెలిసింది. పట్టీ కింది గదిలో ఉంది, దిగితే మెట్ల చప్పుడుకు నాన్న లేస్తారని దిగలేదు. గట్టిగా నొక్కాను. స్కేలు జారింది. కత్తి ఎడమ చూపుడువేలి పక్క కండలోకి దిగింది. నొప్పి వెంటనే తెలియలేదు, తోలు తడిసింది ఎందుకా అని చూశాను. గుడ్డ చుట్టి, గట్టిగా కట్టి, ఆ తోలు పక్కన పెట్టి ఇంకో ముక్క కోశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నాన్న పనిముట్లన్నీ అటక మీద పెట్టేస్తారని భయం.

మర్నాడు రంగు. కట్టు మీద తొడుగు ఎక్కలేదు, ఆ చెయ్యి వెనక పెట్టుకుని ఒంటిచేత్తో వేశాను. మూడు పూతలకు ఓపిక లేదు, ఒక్కసారే చిక్కగా దట్టించాను. ముదురు నీలంలో తోలు తాగగా మిగిలినదంతా పొడిలా పైన నిలిచిపోతుంది. మెత్తటి గుడ్డతో రుద్దాలి, గుడ్డ మార్చి మళ్ళీ రుద్దాలి, గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా రుద్దుతూనే ఉండాలి. రెండు చేతుల పని అది. నాలుగుసార్లు రుద్ది చాలనుకున్నాను. ఆ పొడి మీదే పైపూత వేసేశాను. చూడటానికి అద్దంలా ఉంది. అత్తయ్య అందరికీ చూపించుకుంది, సాయంత్రం దాకా భుజాన వేసుకునే తిరిగింది. ఆ రోజు ఉక్కపోత. ఇంటికి వచ్చేసరికి నడుము నుంచి మోకాలి దాకా ఆవిడ లేత రంగు బట్టలన్నీ నీలం. నాకు నోట మాట రాలేదు. ఆవిడ బట్టల మాటే ఎత్తలేదు. నా చెయ్యి పట్టుకుని, కట్టు విప్పమంది. వేలు వాచి, ఎర్రగా, వేడిగా ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆవిడే. ఆ రోజే వచ్చి ఉంటే రెండు కుట్లతో పోయేది, ఇప్పుడు కుట్లు వెయ్యడం కుదరదు అన్నారాయన. మానడానికి నెల పట్టింది. ఆ వేలి చివర స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ కుట్టేటప్పుడు సూది మొన ఆ వేలికి తెలియదు, కంటితో చూసుకుని పట్టుకుంటాను. నువ్వెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు.

పైపూత గురించి ఒక్క మాట. యాక్రిలిక్ అయితే సగం నీళ్ళు కలిపి, స్పాంజి పిండి, పలచగా రెండుసార్లు వెయ్యి. చిక్కగా వేస్తే నురగ కట్టి, వంగిన చోట పగులుతుంది. బెల్టు రోజూ వంగేదే కాబట్టి నేనైతే మైనమే పెడతాను. అంచులు ముందు 220 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 400తో, 600తో రుద్ది, ట్రాగకాంత్ అనే మొక్క జిగురు కాస్త తడిమి, కర్రతో వేడెక్కేదాకా రుద్దు. నీ ఫొటోలో అంచు ఒకవైపు మెరుస్తోంది, రెండోవైపు వెంట్రుకలు లేచి ఉన్నాయి. అది బద్ధకం కాదని నాకు తెలుసు, రుద్దడానికి పట్టు దొరకలేదు.

నాన్నకు ఒక బెల్టు చేస్తానన్నావు కదా. నడుము కొలత అడగకు, ఆయన నాలుగేళ్ళ కిందటిది చెబుతారు. పాత బెల్టు తెప్పించుకుని, బకిల్ మడత నుంచి అరిగిన రంధ్రం దాకా కొలువు. అది మధ్య రంధ్రం అవుతుంది. అటు రెండు, ఇటు రెండు, ఒక్కొక్కటి 25 మిల్లీమీటర్ల దూరంలో. తొందరేమీ లేదు, ఆయనకు చెప్పాను కూడా.

కుట్టు తిన్నగా వచ్చిందని పైన రాశాను. తిన్నగానే ఉంది. కానీ చివరి పన్నెండు కుట్ల వాలు మారింది, మొదట్లో అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, చివర నిటారుగా నిలబడ్డాయి. రెండు సూదుల కుట్టులో ఎడమవైపు దారాన్ని పట్టి లాగి బిగించేవి ఎడమ బొటనవేలూ చూపుడువేలూ. వాటిలో ఒకటి పని చెయ్యనప్పుడు కుట్టు అలా నిలబడుతుంది. చివరికి నా దగ్గరికే వచ్చేసిన ఆ నీలం సంచి మీద కూడా అలాగే ఉన్నాయి, ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాను. అక్క కళ్ళజోడు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా నాకు తెలిసింది.

తెగినది ఇనుముతో. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నావో గుర్తు లేకపోతే ఈ రోజే వెళ్ళి చేయించుకో. ఎర్రబడిందా, వేడిగా ఉందా, వేలు పూర్తిగా వంగుతోందా, మొన మీద గుచ్చితే తెలుస్తోందా? నాలుగింటికీ జవాబు కావాలి. నేను కోప్పడను. పనిముట్లు అటక ఎక్కించమనీ అనను. కట్టు విప్పి, పగటి వెలుతురులో ఫొటో తీసి పంపు. బెల్టుది వద్దు.

అమ్మ

పార్సిల్‌లో కొత్త పట్టీ, పచ్చ సాన మైనం, కింద రబ్బరు అంటించిన స్కేలు పెడుతున్నాను. తొడుగులు పెద్ద సైజువి కొన్నాను, కట్టు మీదికి కూడా ఎక్కుతాయి.