వార్షిక నివేదిక: మన వెదురు గది, వచ్చే ఏడాది పనులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీధి దీపాలు, కాలువల పూడికతీత, వినాయక చవితి పందిరి మీ కళ్ళ ముందు జరిగినవే. ఖర్చులన్నీ లెక్కల పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఈ నివేదికలో ఎక్కువ భాగం వెదురు గది గురించే రాస్తున్నాను. కాలనీ చివర రేకుల కొట్టాల్లో ఉంటున్న మన సభ్యులకు తక్కువ ఖర్చులో గట్టి ఇల్లు ఎలా వస్తుందని గత సమావేశంలో అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ గది కట్టాం.

వెదురు ఎన్నాళ్ళుంటుందన్నది చాలామంది అనుమానం. పందిళ్ళ గడలు రెండు మూడేళ్ళకే పొడి రాలడం అందరం చూశాం. అది వెదురు బలహీనత కాదు. గడలోని పిండి పదార్థం కోసం పుచ్చు పురుగు చేరుతుంది. నేలను తాకిన చోట తేమకు కుళ్ళు, చెదలు పడతాయి. ఈ రెండింటినీ ఆపితే వెదురు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అందుకే అసలు పని కట్టడానికి ముందే జరిగింది. మూడేళ్ళు దాటి ముదిరి, వానలు వెలిశాక నరికిన గడలే ఎంచాం. కణుపుల లోపలి అడ్డుతెరలను పొడవాటి కమ్మీతో పొడిచి, పురుగును, కుళ్ళును ఆపే మందులైన బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో వారం పది రోజులు నానబెట్టి, తర్వాత నీడలో ఆరబెట్టాం. ఆ నీళ్ళు మొక్కలకు హాని చేస్తాయి, తోటల్లో పారబోయకండి. వానకు తడిస్తే మందు కొంత కడుక్కుపోతుంది కాబట్టి చూరు బాగా బయటికి వేయించాం.

శేషాచలం అడవి నుంచి ఒక్క గడ కూడా తేలేదు. రైతుల పట్టా భూముల్లో పెంచినదే కొన్నాం. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించేది, సొంత పొలంలో నరకాలన్నా, తరలించాలన్నా పర్మిట్ల టెన్షన్ ఉండేది. 2017 సవరణతో అడవి బయట పెంచే వెదురుకు ఆ లెక్క తీసేశారు. బీడు గట్లున్న సభ్యులు అక్కడ వెదురు పెంచాలనుకుంటే ఈ మాట గుర్తుంచుకోవాలి.

2021 నవంబరు వానల్లో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా నిలిచాయో మరచిపోలేం. అందుకే సిమెంటు అరుగు ఎత్తుగా పోసి, గడల అడుగు నేలకు తగలకుండా దానిపై నిలబెట్టాం. మేకులు కొడితే గడ చీలుతుంది. రంధ్రం చేసి బోల్టు బిగించి, అక్కడ రెండు కణుపుల మధ్య ఖాళీని సిమెంటు మోర్టారుతో నింపాం. గోడలకు వెదురును చీల్చిన దబ్బలు అల్లి రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించాం. అస్సాంలో తరతరాలుగా ఇలాంటి అల్లిక గోడలతో ఇళ్ళు కడుతున్నారు. ప్లాస్టరింగ్ వల్ల మంట త్వరగా అంటుకోదు కూడా. అయినా కరెంటు వైర్లన్నీ పైపుల్లోనే వేయించాం, ఇందులో రాజీ వద్దు.

పైకప్పుకు ఈసారి మామూలు రేకులే వేశాం. వెదురు చాపలను జిగురుతో ఒత్తి చేసే ముడతల రేకులు బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ తయారుచేసింది. రెండో గదికి అవి వాడాలని కమిటీ అభిప్రాయం. ఎండాకాలం మన ఊళ్ళో ఇనుప రేకుల కింద ఉండేవాళ్ళ బాధ చెప్పక్కర్లేదు.

అల్లిక పనంతా మేదర పనివాళ్ళదే. బుట్టలు, చేటలకు గిరాకీ తగ్గిన రోజుల్లో, ఆ చేతుల నైపుణ్యానికి మేస్త్రీ కూలీతో సమానంగా కూలీ ఇవ్వడం న్యాయమని తీర్మానించాం. కొందరు ఖర్చు పెరుగుతుందన్నారు. నా దృష్టిలో పొదుపు అక్కడ వెతకకూడదు.

సభ్యులు ఇళ్ళు కట్టుకోవాలంటే ఇంజినీరు సంతకం కావాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో వెదురుకు ప్రత్యేక భాగం ఉంది, డిజైన్‌కు ఐఎస్ 15912 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ లెక్కలు చూసే ఇంజినీరు దగ్గరికే వెళ్ళండి.

వచ్చే ఏడాది నానబెట్టే తొట్టిని పెద్దది చేసి, అందరూ వంతులవారీగా వాడుకునేలా చేయాలన్నది ప్రతిపాదన. ముందుగా కొట్టాల్లో ఉన్న కుటుంబాలకే వంతు ఇవ్వాలి. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశంలో చెప్పగలరు.

ఇట్లు,
కార్యదర్శి