మా కొడుకుని మాకు దగ్గర చేసినవాళ్లకు

మా వాడు ఇంటర్ ఫస్టియర్. వాడిని అడిగి, సరేనన్నాకే ఈ పోస్టు పెడుతున్నా. పేరు మాత్రం రాయొద్దన్నాడు.

దసరా సెలవులు అయిపోయాక సంగతి ఇది. మార్కులు బాగా పడిపోయాయి. రాత్రి ఒంటిగంటన్నరకు లేచి చూసినా దుప్పట్లో ఫోన్ వెలుతురే. నల్లగొండలో నాకు మోటార్ వైండింగ్ షాపుంది, మూసి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఒకరోజు వాడి చేతిలోంచి ఫోన్ లాక్కొని గడపకేసి కొట్టాను. అద్దం ముక్కలు మా ఆవిడ ఊడుస్తుంటే, వాడు వంగి సిమ్ ఏరుకున్నాడు. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత పదకొండు రోజులు నాతో ఒక్క మాట లేదు. నేను షాపుకు పోయాకే అన్నం తినేవాడు. "చదివి ఏం లాభం" అన్నాడని వాళ్లమ్మ చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంగతి తెలిసి మా చెల్లె వెంటనే ఫోన్ చేసి, "అన్నా, సిగ్గుపడకు, టెలీ మానస్‌కు చెయ్యి" అని నంబర్ పంపింది. 14416. మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది. డబ్బులు పడవు, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. నేను ఫోన్ గురించే చెప్పుకుంటూ పోయాను. ఆ కౌన్సెలర్ అమ్మ అంతా విని, "బాబు ఎన్ని గంటలు పడుకుంటున్నాడు?" అని అడిగింది. ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలట. మావాడికి ఐదు కూడా లేదు. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని వాడిని సూటిగా అడగమంది. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని ధైర్యం చెప్పింది. అడిగాను. "లేదు నాన్నా" అన్నాడు. పదకొండు రోజుల తర్వాత నా మొహంలోకి చూశాడు. అమ్మా, మీ పేరు కూడా నాకు తెలియదు. మీకు దండం.

ఇక మా పక్క గల్లీ రిటైర్డ్ టీచర్ సార్. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడుస్తూ, నన్ను ఒక్క మాట కూడా తప్పుపట్టకుండా నా తప్పు నాకు చూపించారు. డయానా బామ్రిండ్ అనే అమెరికా సైకాలజిస్టు 1960ల్లోనే తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా చెప్పిందట: కారణం చెప్పకుండా హుకుం చేసేవాళ్లు, ఏదడిగినా ఒప్పుకునేవాళ్లు, హద్దు పెట్టి అదెందుకో చెప్పి పిల్లల మాట కూడా వినేవాళ్లు. "నువ్వు కోపమొస్తే మొదటి రకం, అలసిపోతే రెండో రకం. రేపు నువ్వు ఏ రకమో పిల్లగాడికి తెల్వదు కదా" అన్నారు. నిజమే. తొమ్మిదో తరగతిలో వాడికి ఆ ఫోన్ కొనిచ్చింది, సతాయించకుండా ఉంటాడని, నేనే.

సార్ చెప్పినట్టు ముందు విన్నాను. పదో తరగతి దోస్తులంతా హైదరాబాద్ కాలేజీల్లో చేరారట. రాత్రి గేమ్‌లోనే అందరూ కలిసేది. ఇన్ని రోజులు నాకీ ముక్క తెలియదు. ఇద్దరం కూర్చున్నాం, రూల్స్ వాడే రాశాడు: రాత్రి 10 తర్వాత ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కు. కింద "నాన్నది కూడా" అని రాసి రెండు గీతలు కొట్టాడు. మోటార్ కాలిందని రైతులు రాత్రుళ్లు ఫోన్ చేస్తారంటే, "రింగ్ పెట్టుకో, పక్కలోకి మాత్రం తీసుకుపోకు" అన్నాడు. ఆదివారం రెండు గంటలు గేమ్. మొన్న బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ పోయి దోస్తులను కలిసొచ్చాడు కూడా.

మార్కులు ఒక్కసారిగా ఏం పెరగలేదు. ఫిజిక్స్ ఇంకా కష్టంగానే ఉంది. అయితే రాని లెక్క ఏదో ఇప్పుడు వాడే వచ్చి చెప్తున్నాడు.

సార్, సంక్రాంతికి మేడమ్ పంపిన సకినాల డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం వాడే తెచ్చిస్తానన్నాడు.