కార్యాలయ కంప్యూటర్ల అనుసంధానం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది చేపట్టిన పనుల్లో, తార్నాకలోని మన సంఘ కార్యాలయంలో కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి ఫోల్డరును ఏర్పాటు చేయడం ముఖ్యమైనదిగా కార్యవర్గం భావిస్తోంది. జమాఖర్చులు చూసే కంప్యూటర్‌ విండోస్‌ మీద, గ్రంథాలయ పట్టిక ఉన్నది ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మీద, సంచికకు పేజీలు కట్టేది మాక్‌ మీద నడుస్తున్నాయి. ఇన్నాళ్లూ ఫైలు చేతులు మారాలంటే పెన్‌డ్రైవే దిక్కు కావడంతో, సభ్యత్వ జాబితా మూడు చోట్ల మూడు రకాలుగా తయారై, ఏది తాజాదో తేల్చుకోవడమే పెద్ద పనయ్యేది.

ఈ మూడు వ్యవస్థలకూ ఉమ్మడిగా తెలిసిన ప్రోటోకాల్‌, అంటే కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లను ఒకటి వాడుకునేందుకు పాటించే నియమావళి, ఎస్‌ఎంబీ. విండోస్‌ మొదటినుంచీ దాన్నే వాడుతోంది. మాక్‌ కూడా 2013 నాటి మావరిక్స్‌ అనే వెర్షన్‌ నుంచి దానికే ప్రాధాన్యమిస్తోంది. లినక్స్‌లో ఆ బాధ్యత సాంబా అనే సాఫ్ట్‌వేర్‌ది. ఆండ్రూ ట్రిడ్జెల్‌ 1990ల తొలినాళ్లలో ఆస్ట్రేలియాలో ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్‌ ఉచితం కనుక, ఉబుంటు కంప్యూటర్‌నే సర్వర్‌గా (ఉమ్మడి ఫైళ్లను అందరికీ అందించే యంత్రంగా) చేసి, రౌటర్‌లో దానికి మారని ఐపీ చిరునామా కేటాయించాం. ఉబుంటులో ఖాతా ఉన్నంత మాత్రాన సాంబా లోపలికి రానివ్వదు; ప్రతి ఒక్కరికీ విడిగా సాంబా పాస్‌వర్డ్‌ పెట్టాలి. పైగా సాంబా అనుమతించినా, లినక్స్‌లో ఆ ఫోల్డరుకు ఉన్న అనుమతులు ఒప్పుకోకపోతే రాయడం కుదరదు. జమాఖర్చుల ఫోల్డరులో కోశాధికారి మాత్రమే రాయగలిగేలా, మిగతావారు చదవగలిగేలా పెట్టాం. పాస్‌వర్డ్‌ లేని ప్రవేశం ఎవరికీ లేదు.

పాత స్కానర్‌కు ఎస్‌ఎంబీ తొలి రూపమైన ఎస్‌ఎంబీ1 మాత్రమే తెలుసు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్‌ వ్యాపించింది ఆ పాత రూపంలోని లోపం ద్వారానే కనుక, స్కానర్‌ కోసం దాన్ని తెరవరాదని నిర్ణయించాం.

తెలుగు ఫైలు పేర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వంగా, కింది గుర్తుగా విడదీసీ రాయవచ్చు. పాత మాక్‌లలో డిస్కు మీద ఫైళ్లను అమర్చే హెచ్‌ఎఫ్‌ఎస్‌ ప్లస్‌ అనే పద్ధతి దాన్ని విడదీసి దాస్తుంది. లినక్స్‌కు ఆ రెండూ వేర్వేరు పేర్లు. పాత మాక్‌ డిస్కు నుంచి ఆర్‌సింక్‌ అనే ఫైళ్ల నకలు పరికరంతో సంచికలను నేరుగా తెచ్చినప్పుడు ‘హైదరాబాద్‌ ప్రత్యేక సంచిక’ అనే ఫోల్డరు చూపులకు తేడా లేకుండా రెండుసార్లు కనిపించడానికి కారణం ఇదే. కన్వ్‌ఎంవీ అనే పరికరంతో పేర్లన్నిటినీ ఒకే రూపానికి తెచ్చాం. తెలుగులో పేర్లు పెట్టుకునే హక్కును వదులుకోకుండా ఇది సాధ్యమైనందుకు కార్యవర్గానికి నిజంగా సంతోషంగా ఉంది. విండోస్‌ ఒప్పుకోదు కాబట్టి పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్‌, తేదీల మధ్య ఏటవాలు గీత (/) వాడవద్దని మనవి.

ఉమ్మడి ఫోల్డరు ఉన్నంత మాత్రాన ఫైళ్లకు నకలు ఉన్నట్టు కాదు; ఒకరు చెరిపేస్తే అందరికీ పోతుంది. అందుకే రోజూ నకలు తీసేందుకు మరో హార్డ్‌డిస్కు, కరెంటు పోయినా సర్వర్‌ ఆగకుండా ఒక యూపీఎస్‌ కొనుగోలుకు సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం.