వార్షిక నివేదిక: తెలిసినా రైతు ఎందుకు వెనకాడతాడు?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన చర్చలు దాదాపు అన్నీ ఒకే ప్రశ్న మీద నడిచాయి. నేలకు మేలు చేసే పద్ధతులు ఫలానా అని తెలిసి కూడా రైతు వాటిని మొదలుపెట్టడానికి ఎందుకు జంకుతాడు? 'అవగాహన లేక' అని చాలామంది తేల్చేస్తారు. మన సమావేశాల్లో ఆ మాట నిలబడలేదు. సమావేశాలకు వచ్చిన రైతులకు పచ్చిరొట్ట పైరు (ఎరువుగా నేలలో కలియదున్నే పైరు) మంచిదని ముందే తెలుసు. అడ్డం వచ్చేది లెక్క. నేలలో సేంద్రియ కర్బనం పెరగాలంటే ఏళ్లు పడుతుంది. దున్నడం మానేస్తే కలుపు బెడద మొదటి సీజన్‌లోనే పట్టుకోవచ్చు, అప్పు కిస్తీ కూడా అప్పుడే కట్టాలి. లాభం అరువు, నష్టం నగదు!

కౌలు రైతుల మీద చర్చ అన్నిటికన్నా ఎక్కువసేపు సాగింది. సాగాలి కూడా. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషికి గట్ల మీద చెట్లు పెంచమని చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. ఇంకో సంగతి: కలుపు పని పెరిగితే చాలాచోట్ల ఆ భారం ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. మనం మాట్లాడేదేమో పట్టా ఉన్న మగవాళ్లతో.

అధ్యయన బృందం పాత పరిశోధనలు కొన్ని తిరగేసింది. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనానికి రైతులు ఎలా మారారన్న దాని మీద రయాన్, గ్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 1943లో వచ్చింది. వాళ్లు 259 మంది రైతులతో మాట్లాడారు. విత్తనం సంగతి చాలామందికి మొదట చెప్పింది అమ్మకందార్లు, నమ్మకం కుదిర్చింది మాత్రం ఇరుగుపొరుగు రైతులు. ముందు కొద్ది నేలలో వేసి చూశాకే మొత్తానికి మారారు. దిగుబడి పెంచే విత్తనానికే అంత తటపటాయింపు! సంరక్షణ సాగు (నేలను వీలైనంత తక్కువగా దున్ని, కప్పి ఉంచి, పంటలు మార్చే పద్ధతి) మీద వచ్చిన పరిశోధనలను 2007లో నోలర్, బ్రాడ్‌షా అనే పరిశోధకులు కలిపి చూశారు. రైతు మారడానికి అన్నిచోట్లా ఒకేలా పనిచేసే కారణాలు దాదాపు కనబడలేదన్నారు. అందుకే 'ఆదర్శ రైతు లక్షణాలు' కరపత్రం వేయాలన్న ప్రతిపాదనను కార్యవర్గం పక్కన పెట్టింది.

జమాఖర్చులు విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది, కొత్త పద్ధతి మొదలుపెట్టి మానేసిన రైతులను కలవాలనుకుంటున్నాం. వాళ్ల సంగతి ఎవరూ పెద్దగా రాసుకోరు. దీనికి ఓపిగ్గా వినేవాళ్లు కావాలి, సలహాలు ఇచ్చేవాళ్లు మనలో సరిపడా ఉన్నారు. ఆసక్తి ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశం లోపు పేర్లు ఇవ్వగలరు.

— కార్యదర్శి